కోల్డ్ స్టోరేజీ దగ్గరి చార్జర్

మా ఆసుపత్రిలో ఎవరు కొత్తగా కరెంటు కారు కొన్నా, తాళాలు చేతికొచ్చిన వారంలోపే నా గది తలుపు తడతారు. నేను డాక్టర్ని కాదు, మెకానిక్‌నీ కాదు. చెవుల పరీక్షలు చేస్తాను. కాకపోతే ఈ ఆవరణలో కరెంటు కారు కొన్న మొదటి ఇద్దరిలో నేనొకదాన్ని. రెండో ఆయన ఎక్స్‌రే విభాగంలో ఉండేవాడు, బదిలీ మీద వెళ్లిపోయాడు. దాంతో సలహాల పని మొత్తం నా నెత్తిన పడింది.

చెప్పడానికి నాకేం బద్ధకం లేదు. రోజూ నూటికి నూరు నింపక్కర్లేదు, ఎనభై దగ్గర ఆపితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఇరవై కిందకి దిగనివ్వకండి. ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చని తెర మీద ఒక అంకె కనిపిస్తుంది చూడండి, అది చదును రోడ్డుకి చెప్పిన మాట. కొండెక్కేటప్పుడు దాన్ని నమ్మితే కొంప మునుగుతుంది. చలికి హీటర్ వేశారంటే ఆ అంకె ఇంకా తొందరగా కరుగుతుంది. దూరం వెళ్తుంటే దారిలో ఒక చార్జర్ కాదు, రెండు చూసి పెట్టుకోండి. ఫోన్లో 'పనిచేస్తోంది' అని ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు. బండి చప్పుడు చెయ్యదు కాబట్టి సందుల్లో జాగ్రత్త. ప్లగ్గు ఎప్పుడైనా బండిలో ఇరుక్కుపోతే కంగారు పడకండి, డిక్కీలో పక్క గోడకి చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఒక తాడు. అది లాగితే ఊడి వస్తుంది. ఆ తాడు ఎక్కడుందో మొదటిరోజే చూసుకోండి.

ఇవన్నీ బుద్ధిగా వింటారు. ఆఖర్న ఒకటి చెప్తాను. చార్జింగ్ అవుతున్నప్పుడు బండిలో మనుషుల్ని ఉంచకండి అని. అక్కడ నవ్వుతారు. "షాక్ కొడుతుందా మేడమ్?" అంటారు. కొట్టదు. హాయిగా కూర్చోవచ్చని కంపెనీవాళ్లే చెప్తారు. వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు.

మొన్న మందుల కౌంటర్లో పనిచేసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని "ఎందుకని?" అంది. ఆమెకి చెప్పిందే ఇది.

మా పిన్ని ఆపరేషన్ థియేటర్ నర్సు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెద్ద పెద్ద సర్జన్లు కూడా ఆవిడ కళ్లలోకి చూసి మాట్లాడేవాళ్లు కాదు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, తన కూతురితో పాటు నన్నూ పెంచింది. నేను చిన్నప్పుడు బక్కగా ఉండేదాన్నని 'పిచ్చుక' అని పిలిచేది. ఎదిగినా ఆ పేరు పోలేదు. పని చేసుకుంటున్నప్పుడు ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండేది. ఎక్కడ నేర్చుకుందో తెలీదు. అందులో ఒకచోట స్వరం కాస్త కిందకి జారేది. చెవులతో బతికేదాన్ని కదా, ఆ జారుడు వింటే నాకు పళ్లు జివ్వుమనేవి. "సరిగ్గా పాడు పిన్నీ" అంటే, "నా పాట, నా ఇష్టం. నీ యంత్రాలకి పెట్టుకో ఆ పరీక్షలు" అనేది.

నేను కారు కొన్న రోజు పిన్ని దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను బండి నడపడం మొదలుపెట్టాను.

"ఇదేంటే పిచ్చుకా, స్టార్టయిందా, లేక మనిద్దరం ఊరికే కూర్చున్నామా?"

"వీధి చివరికి వచ్చేశాం పిన్నీ, బయటికి చూడు."

"మత్తు మందిచ్చిన పేషెంటులా ఉంది నీ బండి. ప్రాణం ఉందో లేదో నాడి పట్టుకుని చూడాలి."

ఆ నెలలోనే మా చెల్లెలికి, అంటే పిన్ని కూతురికి, ఆడపిల్ల పుట్టింది. చెల్లెలు కొండ మీది ఊళ్లో బళ్లో టీచరు. మరిది అక్కడే అటవీ శాఖలో పని. పిన్ని ఇంక ఆగితేనా! "బస్సులో నా మోకాళ్లు ఊడిపోతాయి, నీ మూగ బండి తియ్యి" అంది. ఎక్స్‌రే ఆయన నాకు దారి మొత్తం ఫోన్లో చూపించి, చార్జర్ ఎక్కడుందో చెప్పి పంపించాడు. పొద్దున భోంచేసి బయల్దేరాం. డిక్కీ నిండా పిల్ల సామాన్లు. దుప్పట్లు, గుడ్డలు, విడదీసిన ఉయ్యాల.

చదును రోడ్డు ఉన్నంతసేపూ నా అంత గొప్ప డ్రైవరు లేదనుకున్నాను. కొండ మొదలైన చోట వాన మొదలైంది. కొంతదూరం పోయేసరికి రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. పైన మట్టి జారిందట, పాత దారిన పొమ్మన్నారు. పాత దారి సన్నగా, నిటారుగా ఉంది. పిన్నికి మోకాళ్లు లాగుతున్నాయంటే హీటర్ పెంచాను. అద్దాల మీద ఆవిరి పడుతుంటే దానికీ గాలి పెట్టాను. తెర మీద అంకె చూస్తుండగానే జారిపోతోంది. యాభై అనుకున్నది ముప్పై అయింది. ముప్పై అనుకున్నది ఇరవై కిందకి దిగింది.

"ఏంటే, మొహం అలా పెట్టావు?"

"ఏం లేదు పిన్నీ. ఈ దారిలోనూ ముందు ఒక చార్జర్ ఉంది, ఫోన్లో చూపిస్తోంది."

ఉంది. మూసేసిన హోటల్ ముందు ఉంది. దాని నెత్తిన ప్లాస్టిక్ సంచి తొడిగి తాడు చుట్టేశారు. ఫోన్లో మాత్రం ఇప్పటికీ 'పనిచేస్తోంది' అనే ఉంది.

సాయంత్రం ఇంకా కాలేదు గానీ, మంచు కమ్మేసి వెలుతురంతా బూడిద రంగుకి తిరిగింది. కొండవాలు మొత్తం కరెంటు లేదు. ఒక్క దీపం కూడా కనిపించడం లేదు. హోటల్ పక్కన టైర్ల షాపాయన షట్టర్ దించుకుంటున్నాడు. గొడుగు వేసుకుని పరుగెత్తాను.

"ఇక్కడ దగ్గర్లో ఇంకో చార్జర్ ఏమైనా ఉందాండీ?"

ఆయన షట్టర్ సగంలో ఆపేశాడు. నా భుజం మీదుగా కారుకేసి చూశాడు.

"కింద కోల్డ్ స్టోరేజీలో ఉంది. వాళ్ల వ్యాన్ల కోసం పెట్టుకున్నది. రెండు మలుపులు దిగితే ఎడమ పక్కన గేటు." మళ్లీ కారు వంక చూసి, "బండిలో ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరం. నేను, మా పిన్ని."

"ప్లగ్గు పెట్టాక ఇద్దరూ దిగిపోండి. దూరంగా నిలబడండి. వానైనా సరే."

"ఎందుకండీ? ఏమైనా ప్రమాదమా?"

"వ్యాన్ డ్రైవర్లు అలాగే చేసేవాళ్లు" అన్నాడు. "ఇప్పుడు వాళ్లు కూడా రావట్లేదు." షట్టర్ దించేశాడు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

నిప్పు అంటుకుంటుందేమోనని ఆయన భయమనుకున్నాను. ఈ బండ్ల గురించి అలాంటి భయాలు చాలామందికి ఉంటాయి. అయినా నాకు వేరే దారేముంది? పైకి ఊరు దాకా ఈ చార్జింగ్ సరిపోదు, కిందకి దిగినా ఇంకో చార్జర్ లేదు.

గేటు బార్లా తెరిచి ఉంది. లోపల పెద్ద ఆవరణ, సిమెంటు నేల, నీటి గుంటలు. ఎదురుగా కిటికీ అన్నది లేని పొడవాటి షెడ్డు. దానికి లారీ పట్టేంత తలుపులు. కారు తలుపు తెరవగానే వాసన కొట్టింది. మురిగిన బంగాళాదుంపల వాసన. దాని వెనకాల ముక్కుని కోసే అమ్మోనియా. వాన శబ్దం తప్ప ఏమీ లేదు.

రేకుల కప్పు కింద ఒంటరిగా నిలబడి ఉంది చార్జర్. దాని మీద పచ్చటి దీపం.

కొండంతా చీకటిగా ఉంటే దీనికి దీపం ఎలా వెలుగుతోందని నాకు అనిపించాలి. అనిపించింది కూడా. జనరేటర్ ఉంటుందిలే అనుకున్నాను. ఆ పచ్చ దీపం చూసినప్పుడు కలిగిన సంతోషంలో అంతకన్నా ఆలోచించబుద్ధి కాలేదు.

ప్లగ్గు పెట్టాను. 'టక్' మని పట్టుకుంది. కార్డు అడగలేదు, ఫోన్ అడగలేదు. తెర మీద అంకె కదలడం మొదలుపెట్టింది.

"పిన్నీ, కాసేపు దిగుదాం. ఆ షాపాయన చెప్పాడు, బండిలో కూర్చోవద్దని."

"ఈ వానలోనా? ఎక్కడికి దిగమంటావే? ఆ కుళ్లు కంపులోకా?" శాలువా మెడ దాకా లాక్కుంది. "నిప్పంటుకుంటే అరుస్తాలే. నువ్వు పోయి నాకు కూర్చోడానికి పొడిగా ఏదైనా గది ఉందేమో చూడు. ఉంటే వస్తా."

అదీ న్యాయంగానే ఉంది. వాచ్‌మన్ ఉంటే అడుగుదామని గొడుగు తీసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే పిన్ని కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చింది. పెదవులు కదులుతున్నాయి. కూనిరాగం తీస్తోంది.

అప్పుడే గమనించాను చార్జర్ చప్పుడు. చార్జర్లన్నీ మూలుగుతాయి. గీత గీసినట్టు ఒకటే స్వరం ఉంటుంది, మధ్యలో పెరగదు, తగ్గదు. ఇది అలా లేదు. పైకి లేస్తోంది... ఆగుతోంది... దిగుతోంది. నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంటే వినిపించే చప్పుడది.

ఫ్యానేమోలే అనుకుని నడిచాను.

షెడ్డు చివర ఒక ఆఫీసు గది. గాజు తలుపు, లోపల సోఫా, టేబుల్, గోడకి గడియారం. తాళం లేదు. పొడిగా, శుభ్రంగా ఉంది. పిన్నిని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టవచ్చు. కాని ఆ గది ముందు నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఆవరణకి అటు చివర, ప్రహరీ గోడని ఆనుకుని, ఏ నీడా లేని చోట, ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వాటి కింద గుట్టలుగా సిగరెట్ పీకలు. వ్యాన్ డ్రైవర్లు కూర్చున్నది అక్కడన్నమాట. ఇంత మంచి గది వదిలేసి, ఆ ఎండలో, వానలో, చార్జర్‌కి వీలైనంత దూరంగా.

"ఎవరండీ?" అని కేకేశాను.

ఆఫీసు వెనక సన్నటి గది తలుపు గాలికి కొట్టుకుంటోంది. వాచ్‌మన్ అనుకుని తోశాను. మనిషి లేడు. కరెంటు బోర్డుల గది అది. ఫోన్ లైటు వేశాను. పెద్ద ఇనుప పెట్టె మూత తెరిచి ఉంది. ఫ్యూజులు ఉండాల్సిన చోట అన్నీ బొక్కలు. పెట్టె లోపల ఎండుగడ్డి, ఈకలు. ఏదో పిట్ట గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచి, ఎగిరిపోయి కూడా ఎంతకాలమైందో. పెట్టె మీద చార్జర్ బొమ్మ అంటించి ఉంది. దాని కింద నుంచి బయల్దేరిన లావుపాటి నల్ల కేబుల్ నేల మీదకి దిగి... అక్కడే ఆగిపోయింది. కొస తెగ్గొట్టి ఉంది. లోపలి రాగి తీగలు పచ్చగా చిలుము పట్టాయి.

జనరేటర్ కోసం చుట్టూ చూశాను. సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద ఏమీ లేదు.

మరి ఆ కారులోకి ఎక్కుతున్నది ఎక్కడి నుంచి?

అప్పుడు వినిపించింది, వాన శబ్దాన్ని దాటుకుని. పిన్ని కూనిరాగం. ఆవరణ అంతా వినిపించేంత గట్టిగా. ఒక్క క్షణం ధైర్యమొచ్చింది. పిన్ని పాడుతోంది, బాగానే ఉంది అనుకున్నాను. ఆ స్వరం జారే చోటు వచ్చింది. జారింది. కాని మనిషి గొంతులోంచి పాట వచ్చేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోవాలి.

ఈ పాటలో ఊపిరి లేదు.

గొడుగు అక్కడే పడేసి పరుగెత్తాను.

కారు అద్దాలన్నీ లోపలి నుంచి మంచు పట్టి ఉన్నాయి. తలుపు లాగాను. లోపల హీటర్ పూర్తిగా పెట్టి ఉంది. అయినా కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిచినట్టు చలి మొహాన కొట్టింది. పిన్ని నోరు మూసుకునే ఉంది. పెదవులు కదలడం లేదు. పాట మాత్రం నా వెనక నుంచి వస్తోంది. చార్జర్ లోంచి.

"పిన్నీ..."

"ఊ."

"పిన్నీ, లే. దిగు. దిగిపోదాం."

కళ్లు తెరిచింది. నన్ను చూసింది. థియేటర్ బయట కాచుకుని కూర్చున్న ఎవరి తాలూకు మనుషుల్నో చూసినట్టు చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేను... పిచ్చుకని. పిచ్చుకని పిన్నీ."

"పిచ్చుక" అంది. ఆ మాట నోట్లో వేసుకుని రుచి తెలియనట్టు. గొంతు పల్చగా ఉంది. నీళ్లు కలిపేసినట్టు ఉంది. ప్రతి మాటకీ అందులోంచి ఏదో తగ్గిపోతోంది.

తెర మీద అంకె పెరుగుతోంది. ఏ చార్జర్ దగ్గరా అంత వేగంగా పెరగడం నేను చూడలేదు.

"చెల్లికి పాప పుట్టింది కదా, చూడ్డానికి పోతున్నాం. నీ మనవరాలు. గుర్తుందా?"

"ఎవరి..." అంది. తర్వాతి మాట రాలేదు.

బెల్టు ఊడదీసి చంకల కింద చేతులు పెట్టి లాగాను. కదల్లేదు. పిన్ని ఏమంత లావు కాదు. ఇసుక బస్తా నీళ్లలో నానితే ఎంత బరువుంటుందో అంత బరువుగా ఉంది. చెయ్యి పట్టుకుంటే ఎముకల దాకా చల్లదనం. ఇలా లాభం లేదని ప్లగ్గు దగ్గరికి పరుగెత్తాను. పట్టుకున్నాను. వెంటనే వదిలేశాను.

ప్లగ్గు పిడి వెచ్చగా ఉంది. కరెంటు వేడి కాదు. ఒంటి వెచ్చదనం. జ్వరం లేని మనిషి మెడ మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా.

మళ్లీ పట్టుకుని లాగాను. రాలేదు. చార్జర్ మీద ఎర్ర బటన్ ఉంటుంది, దేన్నైనా ఆపేయడానికి. అరచేత్తో కొట్టాను. మళ్లీ కొట్టాను. పాట ఆగలేదు. కారు తాళం నొక్కాను. ఫోన్లో నొక్కాను. ఏదీ పనిచెయ్యలేదు...

తాడు!

డిక్కీ ఎత్తాను. దుప్పట్లు, గుడ్డలు, ఉయ్యాల కర్రలు, అన్నీ ఆ బురద నీళ్లలోకి విసిరేశాను. పక్క గోడ తడిమాను. మూత గోటికి అందడం లేదు. ముందు సీట్లో పిన్ని తల ఒక పక్కకి వాలిపోవడం వెనక నుంచి కనిపిస్తోంది. మూత ఊడింది. వేలు దూర్చాను. సన్నటి తాడు. లాగాను. తెగుతుందేమోనన్నంత గట్టిగా లాగాను.

'టక్'.

ప్లగ్గు ఊడి నేల మీద పడింది. పాట ఠక్కున ఆగింది.

వాన. వాన చప్పుడు ఒక్కటే.

నేను డిక్కీ మూసి డ్రైవర్ సీటు వైపు తిరిగాను. ప్లగ్గు సిమెంటు మీద వెల్లకిలా పడి ఉంది. రేకుల అంచు నుంచి కారుతున్న వాన నీళ్లు దాని కన్నాల్లోకి పోతున్నాయి. దాన్ని దాటబోతుండగా అందులోంచి, కాళ్ల దగ్గర నుంచి, గుసగుసగా...

"చలేస్తోందే పిచ్చుకా."

పిన్ని గొంతు. నిండుగా, చిక్కగా, ఏమీ తగ్గని గొంతు.

"నన్నిక్కడ వదిలేసి పోతావా?"

పోయాను. ఏం చేసి ఉండాలో ఇప్పటికీ నాకు తెలీదు. నా పక్క సీట్లో పిన్ని కళ్లు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. నేల మీద పిన్ని పిలుస్తోంది. ఊపిరి ఉన్నదాన్ని తీసుకుని పోయాను.

కొండ మీది ఊరు దాకా హీటర్ ఆపలేదు. నిటారు దారి, తడి రోడ్డు. తెర మీద అంకె ఒక్కటి కూడా తగ్గలేదు.

అక్కడి ఆసుపత్రిలో పిన్నికి దుప్పట్లు కప్పారు, సెలైన్ పెట్టారు, తల స్కాన్ తీశారు. మెదడులో రక్తం గడ్డ లేదు, వాపు లేదు. "స్ట్రోక్ అనడానికి ఏమీ కనిపించడం లేదు" అన్నాడు డాక్టరు. ఆయనకే నమ్మకం లేనట్టు స్కాన్ మళ్లీ దీపానికి ఎత్తి చూశాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్లు వెచ్చబడింది. లేచి కూర్చుంది. పెడితే తింది, నడిపిస్తే నడిచింది. మాట లేదు. ఎవరినీ గుర్తుపట్టలేదు.

చెల్లెలు పచ్చి బాలింత. పాపని తెచ్చి తల్లికి అందించింది.

"అమ్మా, చూడవే. నీ ముక్కే వచ్చింది."

పిన్ని రెండు చేతులూ చాపి పాపని ఎత్తుకుంది. గుండెకి హత్తుకోలేదు. నడుం ఎత్తున, ఒంటికి దూరంగా, థియేటర్లో కత్తుల ట్రే పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎవరో వచ్చి అందుకుంటారని కాచుకున్నట్టు అలాగే నిలబడింది. చెల్లెలే పాపని తీసేసుకుంది. ఆ తర్వాత మళ్లీ ఇవ్వలేదు.

వాన తగ్గాక మరిదీ నేనూ జీపులో ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. ఎర్రటి ఎండలో వెళ్లాం. నేను పడేసిన దుప్పట్లు బురద పట్టి ఎండిపోయి ఉన్నాయి, ఉయ్యాల కర్రలు ఉన్నాయి. చార్జర్ ఉంది. దీపం లేదు. మరిది స్క్రూడ్రైవర్ పెట్టి దాని ముందు తలుపు విప్పాడు. లోపల తీగలు లేవు, సామాను లేదు. ఖాళీ ఇనుప డబ్బా. అడుగున బంగాళాదుంప ఒకటి ఎలా దొర్లి పడిందో గాని, తెల్లటి మొలకలు వేసి డబ్బా పైదాకా పాకి ఉంది. నేను వంగి ఆ డబ్బాలోకి "పిన్నీ" అన్నాను. మరిది నా వంక చూడలేక మొహం తిప్పుకున్నాడు. జవాబు రాలేదు.

టైర్ల షాపు మూసే ఉంది.

కారు షోరూంకి తిరిగి ఇచ్చేశాను. అక్కడి ఇంజనీరు నా బ్యాటరీని పరీక్షించి, "ఇది కొత్తదానికన్నా బాగుంది మేడమ్, ఎందుకు ఇచ్చేస్తున్నారు?" అని చాలాసేపు నాతో వాదించాడు.

పిన్నిని మా ఇంటికే తెచ్చుకున్నాను. నరాల డాక్టరు, "అసలు ఈవిడకి వినిపిస్తోందో లేదో ముందు తేల్చుకుందాం" అన్నాడు. చెవుల పరీక్ష రాశాడు. ఇంకెవరికో ఎందుకు అప్పగిస్తాను, నేనే చేశాను. పోయిన వారం సంగతి ఇది. పట్టపగలు. బయట వరండాలో పేషెంట్లు టోకెన్ల కోసం గొడవపడుతున్నారు.

శబ్దం చొరబడని చిన్న గది ఉంటుంది మాకు. లోపల ఒక కుర్చీ, గోడకి గాజు పలక. ఇవతల నేను, నా యంత్రం. పేషెంటు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి వైరున్న బటన్ ఒకటి ఇస్తాం. నేను స్వరం పంపుతాను. వినిపించినప్పుడు వాళ్లు బటన్ నొక్కుతారు. నా వైపు చిన్న దీపం వెలుగుతుంది. అంతే పరీక్ష.

పిన్నిని కూర్చోబెట్టి బటన్ చేతిలో పెట్టాను. వేళ్లు మూసుకోలేదు, జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. సరే, వినిపిస్తే కళ్లలోనైనా తెలుస్తుందని, బటన్ తీసి గోడ కొక్కేనికి తగిలించాను. మందపాటి తలుపు మూసి ఇవతలికొచ్చి కూర్చున్నాను.

గట్టి స్వరంతో మొదలుపెట్టాను. పిన్ని రెప్ప వేయలేదు. ఇంకా పెంచాను. మామూలు మనిషైతే హెడ్‌ఫోన్లు పీకి పారేస్తాడు. పిన్ని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎదుటి గోడని చూస్తోంది. రెండో చెవి కూడా అంతే. ఇంక చాల్లే అనుకుని ఒక్కసారిగా బాగా కిందికి తిప్పేశాను.

దీపం వెలిగింది.

తల ఎత్తి చూశాను. పిన్ని చేతులు ఒళ్లోనే ఉన్నాయి. బటన్ కొక్కేనికే ఉంది. దాని వైరు మాత్రం... మెల్లగా ఊగుతోంది.

వైరు పాడైందేమో. ఇంకో స్వరం పంపాను. మనిషి చెవికి అందీ అందనంత సన్నటిది. దీపం వెలిగింది. అంతకన్నా సన్నటిది పంపాను. వెలిగింది. మా యంత్రంలో అట్టడుగున ఒక స్వరం ఉంటుంది. ఇన్నేళ్లలో పసిపిల్లలు గాని, సంగీతం పాడేవాళ్లు గాని, ఎవ్వరూ అది విని బటన్ నొక్కగా నేను చూడలేదు.

అది పంపాను. పూర్తిగా పంపకముందే వెలిగింది.

యంత్రం మీద నుంచి చెయ్యి తీసేశాను. స్వరం ఆపేశాను. స్విచ్చి కట్టేశాను. ఇప్పుడు యంత్రానికి కరెంటు లేదు, ఆ రోజు చార్జర్‌కి లేనట్టే.

దీపం ఆరలేదు.